ఇంటి ఇంటర్నెట్ మీద ఫోన్ మాట నిలుస్తుందా? పరీక్షించుకునే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనే కాకుండా దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వంటి చోట్ల కూడా ఇప్పుడు ఇళ్లకు ఫైబర్ నెట్ వస్తోంది. వేగం కొలిచే యాప్ తెరిస్తే అంకెలు ఘనంగానే కనిపిస్తాయి, సినిమా ఆగకుండా ఆడుతుంది. అయినా ముంబైలో ఉన్న తమ్ముడితో వాట్సాప్‌లో మాట్లాడబోతే నాలుగో మాటకే గొంతు ముక్కలవుతుంది, ‘హలో, వినిపిస్తున్నదా’ అనుకోవడంతోనే సగం సమయం గడిచిపోతుంది. సినిమా చూపించే యాప్ రాబోయే అర నిమిషం బొమ్మను ముందుగానే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో లైను కాసేపు తడబడినా చూసేవారికి తెలియదు. ఫోన్ మాటకు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అవతలి మనిషి ఆ మాటను ఇంకా అననే లేదు. అందువల్ల వేగం పరీక్షలో నెగ్గిన కనెక్షన్ మాట పరీక్షలో ఓడిపోవడం వింతేమీ కాదు, ఈ రెండో పరీక్షను విడిగా చేసి చూసుకోవలసిందే.

ఇంటి నుంచి కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం చేయాలనుకునేవారు, దుకాణానికి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించుకోవాలనుకునేవారు, బండ గోడల ఇంట్లో మొబైల్ సిగ్నల్ అందక వైఫై కాలింగ్ మీద ఆధారపడేవారు డబ్బు కట్టకముందే, మాట ఇవ్వకముందే ఈ పరీక్షలు చేసుకోవడం మేలు. ఇందుకు కావలసినవి ఒక ల్యాప్‌టాప్, రూటర్ దాకా అందే ల్యాన్ కేబుల్, రెండు ఫోన్లు, కొంచెం ఓపిక. కొనవలసిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

మాటకు కావలసిన వేగం

ముందుగా వేగం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది చాలా చిన్న సంగతి. ఇంటర్నెట్ ఫోన్లలో పాతకాలం నుంచి వాడుతున్న జీ.711 అనే పద్ధతిలో గొంతును సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తారు. దానిని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి సెకనుకు 50 ప్యాకెట్ల చొప్పున పంపుతారు. ఒక్కో ప్యాకెట్‌లో గొంతు 160 బైట్లు, దాని మీద చిరునామాల బరువు మరో 40 బైట్లు, వెరసి 200 బైట్లు ఉంటాయి కాబట్టి సెకనుకు 80 కిలోబిట్లు అవుతాయి. ల్యాన్ కేబుల్ మీది అదనపు బరువును కూడా కలిపితే 87 దాకా వెళుతుంది. ఒక కాల్‌కు వెళ్లే వైపు 100, వచ్చే వైపు 100 కిలోబిట్లు అని లెక్క వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. చాలా కాల్ యాప్‌లు వాడే ఓపస్ పద్ధతికి ఇంకా తక్కువ సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస డౌన్‌లోడ్ వేగాన్ని సెకనుకు 2 మెగాబిట్లకు పెంచింది. ఆ కనీసంలో కూడా, కాగితం మీద, ఇరవై కాల్స్ ఇమిడిపోతాయి. కాబట్టి 50 ఎంబీపీఎస్ ప్లాన్ మీద మాట తెగుతున్నదని 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారేవారు చాలాసార్లు లేని జబ్బుకు మందు కొంటున్నట్టే.

చూడవలసినవి మూడు వేరే కొలతలు. మొదటిది ఆలస్యం: ఇక్కడ అన్న మాట అక్కడి చెవికి చేరడానికి పట్టే కాలం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ అయిన ఐటీయూ తన జీ.114 సిఫారసులో, ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా సాగుతుందని, 400 దాటేలా లైన్లను రూపొందించకూడదని చెబుతుంది. రెండోది జిట్టర్, అంటే ఆ ఆలస్యం ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కో రకంగా మారడం. 20 మిల్లీసెకన్లకు ఒకటిగా బయలుదేరిన ప్యాకెట్లు అదే ఎడంతో చేరకపోతే, అవతలి యాప్ కొన్నింటిని కాసేపు నిలిపి వరుస సర్దుతుంది, మరీ ఆలస్యంగా వచ్చినదాన్ని రానట్టే లెక్కగట్టి పారేస్తుంది. జిట్టర్ 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న హద్దు. మూడోది ప్యాకెట్ లాస్, అంటే దారిలో పూర్తిగా పోయేవి. ఇది ఒక శాతం లోపు ఉండాలి. అక్కడొకటి ఇక్కడొకటి పోతే యాప్ ఆ ఖాళీని పూడ్చి మనకు తెలియనివ్వదు గానీ, వరుసగా పది పోతే 200 మిల్లీసెకన్ల మాట మాయమవుతుంది. ధాన్యం ధర చెబుతుండగా అది వందల దగ్గర పోయిందో వేల దగ్గర పోయిందో తెలియకుండా చేయడానికి అంత ఖాళీ చాలు.

ఏ వేళ కొలవాలి

ఉదయం పదకొండు గంటలకు, పిల్లలు బడికి పోయాక కొలిస్తే ఏ కనెక్షన్ అయినా బంగారంలాగే కనిపిస్తుంది. ఫైబర్ లైనులో ఒక పోగును స్ప్లిటర్ ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచడం మామూలు, వీధిలోని అందరూ రాత్రి భోజనాల వేళకు దాని మీద పడతారు. మన ప్రాంతపు కాల్స్ కూడా సరిగ్గా ఆ వేళకే వస్తాయి. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి అక్కడ పని ముగించి ఏడు గంటలకు గదికి చేరిన మనిషి ఫోన్ చేసేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర అవుతుంది. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ షిఫ్టులో కాల్స్ తీసుకునే ఉద్యోగి తొలి గంటలన్నీ వీధి మొత్తం టీవీ ముందు కూర్చునే గంటలే. అందుచేత రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది లోపు చేసిన పరీక్షనే అసలు పరీక్షగా తీసుకోవాలి, పోలిక కోసం ఉదయం ఒకటి చేసి పెట్టుకోవాలి. రెండూ ఒకేలా చెడ్డగా ఉంటే దోషం ఇంట్లోనో, ఇంటికి వచ్చే తీగలోనో ఉండవచ్చు. రాత్రి మాత్రమే చెడుతుంటే ఆపరేటర్ దగ్గర రద్దీ ఎక్కువైందని అనుమానించాలి.

మూడు వందల పింగ్‌లు

పింగ్ అంటే దూరపు సర్వర్‌ను ఒకసారి పలకరించి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడడం. మొదట వైఫైని పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలపండి, ల్యాప్‌టాప్‌లో వైఫైని ఆపేయండి. ఇది విసుగు అనిపించి చాలామంది వదిలేస్తారు గానీ, దీన్ని వదిలేస్తే తరువాత వచ్చే అంకె ఏదీ దేన్ని గురించి చెబుతున్నదో తెలియదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి, పింగ్ అనే మాట ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి వెంటనే ఎన్ అక్షరం, మళ్లీ ఖాళీ, 300, మళ్లీ ఖాళీ, 8.8.8.8 అని ముగించి ఎంటర్ నొక్కండి. లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎన్ బదులు సీ అక్షరం వాడాలి. 8.8.8.8 అనేది గూగుల్ సర్వర్ చిరునామా, ఎవరు పలకరించినా అది జవాబిస్తుంది. సెకనుకు ఒకటి చొప్పున 300 పలకరింపులు వెళ్లి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది. విండోస్ మామూలుగా నాలుగు పంపి ఆగిపోతుంది, ఆ నాలుగును చూసి లైను బాగుందనుకోవడంలో అర్థం లేదు.

చివర వచ్చే సారాంశంలో ఎన్ని పంపితే ఎన్ని పోయాయో శాతంతో సహా ఉంటుంది. 300లో 3 పోతే ఒక శాతం, అదే మన హద్దు. దాని కింద కనిష్ఠం, గరిష్ఠం, సగటు ఉంటాయి. ఇది వెళ్లి వచ్చే కాలం కాబట్టి ఒక వైపు ఆలస్యం సుమారుగా ఇందులో సగం. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పోయి రావడానికి దానికి ఒక్క మిల్లీసెకను చాలు, తీగ చుట్టు తిరిగి పోయినా రెండు మూడుకు మించదు. కాబట్టి హైదరాబాద్‌లోని సర్వర్‌కు కూడా నిలకడగా 80, 90 చూపిస్తుంటే, ‘మనది దూరపు ఊరు కదా’ అనే సమాధానాన్ని ఒప్పుకోనవసరం లేదు. దారి ఎక్కడో అనవసరంగా చుట్టు తిరుగుతోంది, లేదా ఎక్కడో వరుసలో నిలబడుతోంది.

జిట్టర్‌ను విండోస్ లెక్కగట్టి ఇవ్వదు, కానీ వరుసలను చూసి మనమే తేల్చుకోవచ్చు. పక్కపక్క వరుసల్లో 9, 11, 10, 38, 12 అని ఉన్నాయనుకోండి. ఒకదానికి మరొకదానికి తేడాలు 2, 1, 28, 26. వాటి మొత్తం 57ను నాలుగుతో భాగిస్తే 14 చిల్లర వస్తుంది, అది హద్దులోనే ఉంది. అయితే సగటును మాత్రమే నమ్మవద్దని నా అభిప్రాయం. తెర మీద మొత్తం 300 వరుసలను ఒకసారి కంటితో జార్చి చూడండి. పెద్ద అంకెలు చెదురుమదురుగా ఉంటే మాటకు పెద్దగా దెబ్బ తగలదు. పది సెకన్ల పాటు వరుసగా 200, 300 వచ్చి మళ్లీ 9కి దిగితే సగటు బాగానే కనిపిస్తుంది గానీ, ఆ పది సెకన్లలో ఎవరైనా ఫోన్ పెట్టేస్తారు. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అనే వరుసలు గుంపుగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా అన్నది కూడా అదే చూపులో తెలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త: పింగ్ సెకనుకు ఒక్కసారే తొంగిచూస్తుంది, కాల్ మాత్రం సెకనుకు యాభై ప్యాకెట్లు పంపుతుంది. కాబట్టి పింగ్ చెడ్డగా ఉంటే కాల్ తప్పక చెడుతుంది, పింగ్ బాగున్నంత మాత్రాన కాల్ బాగుంటుందని హామీ లేదు. ఆ లోటును కొంత పూడ్చడానికి క్లౌడ్‌ఫ్లేర్ వారి వేగం పరీక్ష పేజీని కూడా ఒకసారి నడపండి, అది జిట్టర్‌నూ ప్యాకెట్ లాస్‌నూ విడిగా చూపిస్తుంది.

లైను నిండినప్పుడు ఏమవుతుంది

ఇప్పటిదాకా చేసినది ఖాళీ లైను పరీక్ష. నాకు తెలిసినంతలో ఇళ్లలో కాల్స్ చెడగొట్టే కారణాల్లో పెద్దది ఈ పరీక్షలో బయటపడదు. మరో 300 పింగ్‌లు మొదలుపెట్టి, మొదటి నిమిషం లైనును ఖాళీగా వదిలి, రెండో నిమిషంలో ఒక ఫోన్ నుంచి పెళ్లి వీడియో వంటి పెద్ద ఫైలును గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించడం మొదలుపెట్టండి. మూడో నిమిషంలో దాన్ని ఆపి, ఏదైనా పెద్ద ఫైలును దింపడం మొదలుపెట్టండి. పింగ్ నడుస్తున్న తెర మీదే చూపు నిలపండి. ఖాళీగా ఉన్నప్పుడు 9, 10, 9 అని వచ్చిన వరుసలు ఎక్కించడం మొదలుకాగానే 180, 320, 410 అని ఎగబాకి, ఆపగానే తిరిగి 9కి పడిపోతే జబ్బు దొరికినట్టే.

ఇలా ఎందుకవుతుందంటే, రూటర్ తన దగ్గరకు వచ్చిన ప్యాకెట్లను పారేయడం ఇష్టం లేక పెద్ద వరుసలో నిలబెడుతుంది. ఎక్కించే వేగం సెకనుకు 10 మెగాబిట్లు ఉన్న లైనులో ఆ వరుస 500 కిలోబైట్ల దాకా పెరిగిందనుకుంటే, అది 4 మెగాబిట్లతో సమానం, అంటే అది ఖాళీ కావడానికి 0.4 సెకన్లు, మన భాషలో 400 మిల్లీసెకన్లు పడుతుంది. తరువాత వచ్చిన ప్యాకెట్ 200 బైట్లదే అయినా ఆ వరుస చివరనే నిలబడాలి. సీజన్‌లో మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు బారులు తీరిన ధాన్యం ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్న బైకు పరిస్థితి అదే. ఇంజనీర్లు దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. చాలాసార్లు ఇది మన ఇంటి నుంచి బయటకు వెళ్లే వైపే కనిపిస్తుంది, ఎందుకంటే చాలా ప్లాన్లలో ఎక్కించే వేగం దింపే వేగం కన్నా తక్కువ. అందుకే ఈ జబ్బు ఉన్న ఇంట్లో అవతలివారి మాట మనకు స్పష్టంగా వినిపిస్తుంది, మన మాట వాళ్లకు చేరదు. ‘నాకైతే మంచిగనే వినిపిస్తున్నది, నీ నెట్ చూసుకో’ అని ఎదుటివారి మీద విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్ పేజీలో ‘మరింత సమాచారం’ అన్న బొత్తం నొక్కితే లైను ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, నిండినప్పటి ఆలస్యం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, కాబట్టి ల్యాప్‌టాప్ లేనివారు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. నిండినప్పుడు 30 నుంచి 50 మిల్లీసెకన్ల పెరుగుదల ఉంటే సర్దుకోవచ్చు, 200 దాటి పెరిగితే ఇంట్లో ఎవరైనా ఫొటోలు పంపిన ప్రతిసారీ కాల్ చెడుతుంది.

దీనికి మందు ఉంది. రూటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనే చోట ఎక్కించే వేగాన్ని కొలతలో వచ్చిన దానిలో 85 నుంచి 90 శాతానికి కట్టేస్తే వరుస పెరగదు. కేక్, ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతులు ఉన్న రూటర్ అయితే చిన్న ప్యాకెట్లకు దానంతట అదే దారి ఇస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే రూటర్లలో ఇవి ఉంటాయి. వేగంలో పదో వంతు పోతుందని బాధపడనవసరం లేదు. ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలో ఈ సెట్టింగులే లేకపోతే, కాల్ సమయంలో ఎక్కించే పనులను ఆపడమే దారి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ను పడుకునే వేళకు మార్చండి, క్లౌడ్‌కు నిరంతరం వీడియో పంపే సీసీ కెమెరా ఇంటి గేటు మీద ఉందేమో చూడండి. ఆ కెమెరా సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లోని గోడలు

కేబుల్ మీద అన్నీ బాగున్నాయని తేలాక, ల్యాన్ కేబుల్ తీసేసి, మీరు నిజంగా కూర్చుని మాట్లాడే చోటికే ల్యాప్‌టాప్‌ను తీసుకుపోయి, వైఫై మీద రూటర్‌నే పింగ్ చేయండి. దాని చిరునామా సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌వర్క్ వివరాలు అడిగితే ‘డిఫాల్ట్ గేట్‌వే’ అన్న వరుసలో కనిపిస్తుంది. ఇంట్లోని పెట్టెకు పోయి రావడానికి ఐదు మిల్లీసెకన్ల లోపే పట్టాలి. అక్కడే 60, 100 అని ఎగిరిపడుతుంటే ఆపరేటర్‌కు ఫోన్ చేయడం వృథా, దోషం ఇంటి లోపలే ఉంది.

మన వైపు పాత ఇళ్ల రాతి గోడలు మూరెడు మందం ఉంటాయి, కొత్త ఇళ్లకు ఇనుప చువ్వల స్లాబు ఉంటుంది. రెండూ 5 గిగాహెర్ట్జ్ వైఫైని బాగా తినేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11 అనే మూడే కాబట్టి, ఇళ్లు దగ్గరగా ఉన్న కాలనీల్లో పక్కింటి రూటర్లతో పేచీ తప్పదు. పైగా బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా ఆ 2.4లోనే పనిచేస్తుంది. ఫోన్‌లో వైఫై బలం చూపించే యాప్ పెట్టుకుంటే సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మాటకు మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా, అంటే మైనస్ 60, మైనస్ 50 వైపు ఉండాలి. రూటర్‌ను టీవీ వెనక నుంచి, ఇనుప బీరువా పక్క నుంచి తీసి, కాల్ గదికి ఎదురుగా ఎత్తులో పెట్టడంతోనే చాలా ఇళ్లలో పని అయిపోతుంది. ఉద్యోగం కోసమైతే మాత్రం ఆ గదికి ల్యాన్ కేబుల్ లాగించుకోవడానికి మించిన సలహా నా దగ్గర లేదు.

లైను బాగున్నా కాల్ కలవకపోతే

కొన్ని లోపాలకు కొలతలతో సంబంధం లేదు. యూఏఈలో వాట్సాప్ వాయిస్ కాల్స్‌ను అడ్డుకుంటారు, అక్కడ లైసెన్సు ఉన్న బోటిమ్ వంటి యాప్‌లే వాడాలి. దుబాయికి వాట్సాప్ కాల్ కలవడం లేదని ఇక్కడి రూటర్ మార్చడం దండగ. అమెరికా కాల్స్‌లో దూరమే కొంత ఆలస్యాన్ని తెచ్చిపెడుతుంది. వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైగా పట్టడం అక్కడికి సహజం, అంటే ఒక వైపు హద్దులో చాలా భాగం దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకే అలాంటి కాల్స్ చేసేవారి ఇంట్లో వరుసల ఆలస్యం అసలు ఉండకూడదు.

దుకాణానికి ఎస్ఐపీ ఫోన్, అంటే ఎస్ఐపీ అనే పద్ధతిలో నడిచే ఇంటర్నెట్ ఫోన్ పెట్టించుకునేవారు రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఆపరేటర్ ఒకే చిరునామాను చాలా ఇళ్లకు పంచుతున్నట్టు. మీరు చేసే కాల్స్‌కు అది అడ్డు కాకపోవచ్చు గానీ, కొంతసేపు కదలిక లేకపోతే దారి మూసుకుపోయి బయటి నుంచి వచ్చే కాల్ మోగదు. ఫోన్ సెట్టింగుల్లో ఆ దారిని తెరిచి ఉంచే కీప్ అలైవ్‌ను 20, 30 సెకన్లకు పెట్టడం దీనికి ఉపాయం. ఒక వైపు మాట మాత్రమే వినిపిస్తుంటే రూటర్‌లో ఎస్ఐపీ ఏఎల్‌జీ అనే సెట్టింగును ఆపి చూడండి. సాయం చేయాలని పెట్టిన ఆ సెట్టింగు చాలా పెట్టెల్లో చిరునామాలను పాడుచేస్తుంది.

నోటితో చేసే పరీక్ష

అంకెలు ఎన్ని చూసినా చివరకు మాట్లాడి చూడాలి. ఒక ఫోన్‌ను ఇంటి వైఫై మీద, మరొకదాన్ని మొబైల్ డేటా మీద ఉంచి, ఇద్దరూ ఒకరి గొంతు ఒకరికి నేరుగా వినిపించనంత దూరంలో కూర్చోండి. ఒకరు ఒకటి నుంచి వంద దాకా ఒకే వేగంతో చదవాలి, రెండోవారు వినిపించని అంకెలను కాగితం మీద రాసుకోవాలి, తరువాత పాత్రలు మార్చుకోవాలి. ఇంటి వైఫై మీది ఫోన్‌లో చదివిన అంకెలే పోతే ఎక్కించే వైపు జబ్బు కావచ్చు, రెండు వైపులా పోతే లైను మొత్తానిది కావచ్చు.

ఆలస్యాన్ని కొలవడానికి అంతకన్నా సరదా పద్ధతి ఒకటుంది. ముందు ఎదురెదురుగా కూర్చుని ఒకటి మీరు, రెండు వారు, మూడు మీరు అన్న వరుసలో నలభై దాకా ఎంత త్వరగా అనగలరో గడియారం పెట్టి చూసుకోండి. తరువాత అదే ఆటను కాల్ మీద ఆడండి. మాట చేతులు మారిన ప్రతిసారీ ఒక వైపు ఆలస్యం ఒకసారి కలుస్తుంది కాబట్టి, అదనంగా పట్టిన సమయాన్ని నలభైతో భాగిస్తే ఆలస్యం వస్తుంది. ఎదురెదురుగా 24 సెకన్లు, కాల్ మీద 32 సెకన్లు పడితే అదనం 8, అంటే 200 మిల్లీసెకన్లు. పింగ్ చూపించని యాప్ ఆలస్యం, ఫోన్ ఆలస్యం కూడా ఈ లెక్కలో పడతాయి. ఎవరి మాట వారికే తిరిగి వినిపిస్తుంటే మాత్రం నెట్‌ను అనుమానించవద్దు, అవతలివారి స్పీకర్ శబ్దం వారి మైకులో పడుతోందన్నమాట. హెడ్‌సెట్ పెట్టుకోమంటే సరి.

కరెంటు పోతే

ఇన్వర్టర్ ఉన్న ఇల్లయినా ఒకసారి మెయిన్ ఆపి చూడండి. రూటర్, ఫైబర్ పెట్టె ఉన్న ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను ఉందా, మారేటప్పుడు రూటర్ ఆరిపోయి మళ్లీ లేస్తున్నదా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఈ పెట్టెల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది కాబట్టి చిన్న రూటర్ యూపీఎస్ సరిపోతుంది. అయితే ఇంట్లో పెట్టెలు వెలుగుతూనే నెట్ పోతే, మధ్యలో ఏదో పెట్టెకు కరెంటు లేనట్టు. కొన్ని వీధుల్లో ఫైబర్ ఒక ఇంటి దాకా వచ్చి, అక్కడి స్విచ్ అనే నెట్‌వర్క్ పెట్టె నుంచి మేడల మీదుగా ల్యాన్ కేబుల్‌తో మిగతా ఇళ్లకు పంచుతారు. ఆ స్విచ్ ఎవరింట్లో ఉందో, దానికి బ్యాటరీ ఉందో లేదో ఆపరేటర్‌ను అడగడం మీ హక్కు.

ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు

‘నెట్ మంచిగ రావట్లే’ అంటే రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని చెప్పి ఫోన్ పెట్టేస్తారు. అలా కాకుండా, కేబుల్ మీద రాత్రి తొమ్మిదికి 300లో 14 పోయాయని, ఉదయం ఒక్కటీ పోలేదని, రూటర్ దాకా మాత్రం రెండు వేళలా శుభ్రంగా ఉందని తెర ఫొటోలతో పంపితే సంభాషణ వేరే విధంగా నడుస్తుంది. ప్యాకెట్ దారిలోని మజిలీలను చూపే ట్రేస్‌రూట్ అనే కమాండ్ నడిపినవారు ఒక్క విషయం గమనించాలి: మధ్యలోని ఒక మజిలీ దగ్గర జవాబులు రాకపోయినా, చివరి గమ్యం దాకా నష్టం లేకపోతే అది దోషం కాదు, ఆ మజిలీ పరికరం పింగ్‌లకు జవాబివ్వడం తక్కువ పనిగా భావిస్తుందంతే.

మనిషి ఇంటికి వచ్చినప్పుడు ఫైబర్ పెట్టెలోకి వచ్చే కాంతి బలం ఎంత ఉందో అడగండి. ఒక పోగును చాలా ఇళ్లకు పంచే జీపాన్ అనే పద్ధతి లైనులో అది మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కు ఆనుకుని ఉంటే లైను పనిచేస్తున్నట్టే ఉండి, వాన కొట్టినప్పుడో ఎండ మండినప్పుడో ప్యాకెట్లు రాలుస్తుంది. ఆకుపచ్చ తలకాయ ఉన్న సన్నని ప్యాచ్ కార్డు టీవీ స్టాండు వెనక మడత పడి ఉండడం, కనెక్టర్ మొన మీద దుమ్ము చేరడం చిన్న కారణాలుగా కనిపించినా కాంతిని తగ్గిస్తాయి. మిషన్ భగీరథ పైపుల కందకాల్లో వేసిన టీ-ఫైబర్ వంటి భూగర్భ లైన్లకు పై నుంచి వచ్చే ప్రమాదం తక్కువ గానీ, కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు వచ్చే తీగలను కోతల కాలంలో ఎత్తుగా వరిగడ్డి వేసుకుపోయే ట్రాక్టర్లు తగిలి లాగేస్తుంటాయి. అలా తెగిన చోట అతికిన ప్రతి జాయింటూ కొంత కాంతిని మింగుతుంది. మీ లైనులో ఎన్ని జాయింట్లు ఉన్నాయో, ఆ తీగను కొత్తగా ఒకే ముక్కగా లాగగలరేమో అడిగి చూడండి.

ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు సంఖ్య తీసుకుని తేదీతో రాసి పెట్టుకోండి, పరిష్కారం కాకపోతే అదే సంస్థలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం. ప్లాన్ మార్చే ఆలోచన ఉంటే పెద్ద డౌన్‌లోడ్ అంకె కోసం కాకుండా ఎక్కించే వేగం, దింపే వేగం సమానంగా ఇచ్చే ప్లాన్ కోసం బేరమాడండి. లైను బాగుచేశానని చెప్పిన మనిషిని వెంటనే పంపేయకుండా, మంచినీళ్లో చాయో ఇచ్చి కూర్చోబెట్టి, ఆయన ఎదుటే 300 పింగ్‌లు మళ్లీ నడపండి. అవి మధ్యాహ్నం బాగా వచ్చినా, రాత్రి తొమ్మిదికి మరోసారి నడిపి ఆ ఫలితాన్ని కూడా ఆయన నంబరుకే పంపండి.